పాలపిట్టను వదిలిన పుణ్యం

ఆగస్టు 25

కాలికి కట్టు వేశారు. ఆరు వారాలు అడుగు కింద పెట్టకూడదట. గుడి వీధిలో నీళ్ల పైపు కోసం తవ్వి వదిలేసిన గుంతలో పడ్డాను. ఫోనులో మొహం పెట్టుకుని నడుస్తున్న ఒక కుర్రవాడికి బుద్ధి చెబుతూ పడ్డాను కాబట్టి ఇది ధర్మం కోసం తగిలిన దెబ్బ.

మా ఆవిడ రంగనాయకి మాత్రం పరామర్శకు వచ్చినవాళ్లందరికీ ఇంకోలా చెబుతోంది. "పిల్లగాడు లేడు, ఎవ్వరు లేరు. ఈయననే ఫోన్ల గుడ్ మార్నింగులు పంపుకుంట నడిచిండ్రు." భార్య సాక్ష్యాన్ని పట్టించుకోనక్కరలేదు. నయాపూల్ కోర్టులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి, నాకు ఆ మాత్రం తెలుసు.

కట్టు విప్పేదాకా డైరీ రాద్దామనుకుంటున్నాను. ఎవరికీ చూపించను.

ఆగస్టు 31

పెళ్లిచూపులు మా కిషన్‌బాగ్ ఇంట్లోనే జరిగాయి, నేను కదల్లేను కాబట్టి. అమ్మాయి పేరు మాన్య, బ్యాంకులో ఆఫీసరు. మా వేదాంత్‌కి ముప్పై నాలుగు దాటాయి. ఇది ఎన్నో సంబంధమో ఇక్కడ రాయదలచుకోలేదు. ఇద్దరినీ మాట్లాడుకోమని మేడ మీదకి పంపాం. కాఫీలు చల్లారాయి. మళ్లీ పెట్టారు, అవీ చల్లారాయి. వాళ్లు దిగలేదు. అమ్మాయి తండ్రీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నాం. సంబంధం కుదిరినట్టే.

వాళ్లు వెళ్లాక అడిగాను. "గంతసేపు ఏం మాట్లాడిండ్రురా?"

"ఆట గురించి బాపు. ఆమె గూడ చిన్నప్పటి సంది ఆడుతదంట."

ఆ ఆట జపాను వాళ్లది. పేరు రాసి ఈ డైరీని పాడుచేయను. గడ్డిలో తిరిగే వింత జంతువుల మీద బంతులు విసిరి పట్టుకోవాలి, పెంచాలి, పక్కవాడి జంతువుతో కొట్లాడించాలి. మా వాడు నాలుగో తరగతిలో మొదలుపెట్టాడు. అప్పటి నుంచి కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి. అన్నింటిలోనూ అదే గడ్డి, అవే బంతులు. వాళ్లు చేసిందే మళ్లీ చేసి అమ్ముతారు, వీళ్లు కొన్నదే మళ్లీ కొంటారు. మేం ఏటా ఉగాదికి కొత్త పంచాంగం కొంటాం. అది వేరు.

సెప్టెంబరు 3

నిశ్చితార్థం కార్తీకంలో, మూఢం రాకముందే. పిల్లలు ఒక షరతు పెట్టారు. ఉంగరాలతోపాటు ఆటలోని జంతువుల్ని కూడా మార్చుకుంటారట. ఎవరి దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది వాళ్లు రెండోవాళ్లకి ఇవ్వాలి. మెషీను నుంచి మెషీనుకి పంపుకోవచ్చట.

"పంతులు ముందర గిదేం లొల్లిరా?" అన్నాను.

"తాంబూలాలు మార్చుకున్నట్లనే గద బాపు. నా దాంట్ల ఒకటుంది. ఎన్ని మెషీన్లు మారినా ముందుగాల దాన్నే దాటిస్త. గదిస్త మాన్యకు."

అదేం జంతువని నేను అడగలేదు. అడిగితే దానికి గౌరవం ఇచ్చినట్టవుతుంది.

సెప్టెంబరు 8

టీవీ చూసి చూసి కళ్లు మండుతున్నాయి. వేదాంత్ తన గేము మెషీను తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. పెళ్లి పనులతో వాడికి ఆడే తీరిక లేదట. నా పేరుతో వేరే ఖాతా పెట్టి ఇచ్చాడు. "గిది నీది. పక్కన నా పేరుంటది. గది మాత్రం ముట్టకు బాపు."

విచారణ నిమిత్తం తీసుకున్నాను. ముప్పై ఏళ్లుగా లోకంలో ఇంతమందిని కట్టిపడేసిన ఆటలో లోపాలేమిటో ఒకసారి బయటపెడితే, కనీసం పెళ్లయ్యాకైనా మానేస్తారు.

సెప్టెంబరు 9

పది నిమిషాలు చూశాను. పిల్లల ఆట.

సెప్టెంబరు 10

పది నిమిషాలు. రంగనాయకి అన్నానికి పిలిచి పిలిచి గొంతు పోయిందంటోంది. ఆమెకి ముందు నుంచీ జలుబే.

సెప్టెంబరు 16

ఇప్పటికి తేలిన లోపాలు. మొదటిది, జంతువుని పట్టాలంటే ముందు కొంచెం కొట్టి నీరసింపజేయాలి. ఎక్కువ కొడితే స్పృహ తప్పి చేజారిపోతుంది. ఒక చిన్న గొంగళిపురుగు విషయంలో నేనే అంచనా తప్పాను. నాకు చాలా కష్టంగా అనిపించింది. పిల్లల చేత ఇలాంటి పని చేయించడం దారుణం.

రెండోది, బంతి విసిరాక అది మూడుసార్లు ఊగుతుంది. లోపలున్నది ఉంటుందో, బయటికి దూకుతుందో తెలియదు. ఆ మూడు ఊపుల్లో మనిషికి ఊపిరాడదు. కోర్టులో తీర్పు చదివే ముందు జడ్జిగారు నీళ్లు తాగేవారు. అప్పుడు కూడా నాకు ఇంత గుండెదడ రాలేదు. బీపీ ఉన్నవాళ్లు ఆడకూడదు.

మూడోది, ఒకటి పట్టాక పక్కన ఖాళీ గడులు కనిపిస్తాయి. అవి నిండేదాకా నిద్ర పట్టదు. ఇదంతా కావాలని చేసిన కుట్ర. ఇంకొంచెం లోతుగా పరిశీలించాలి.

సెప్టెంబరు 22

రంగనాయకి బొమ్మల కొలువు పెట్టింది. వాళ్ల నానమ్మ నాటి కొయ్యబొమ్మల దగ్గర్నుంచి మొన్న కొన్న ప్లాస్టిక్ పోలీసు దాకా అన్నీ తొమ్మిది మెట్ల మీద నిలబెట్టింది. ఏటా ఒకటైనా కొత్తది చేరాలి. ఏది ఎక్కడ కొన్నదో, ఏ ఏడు కొన్నదో ఆమెకి నోటికొచ్చు. ఎవరైనా చేయి వేస్తే ఊరుకోదు. అది వేరు.

పై మెట్టు మీద ఒక చోటు ఖాళీగా ఉంది. ఎప్పటి నుంచో అలాగే ఉంచుతోంది. కొండపల్లి చిలక ఒకటి ఉండేది, పిల్లి పడేసి విరగ్గొట్టింది. "పోలీసుని అక్కడ పెట్టరాదూ?" అన్నాను.

"గది చిలక జాగ. ఖాళీగనే ఉండనీయండ్రి."

విరిగిపోయిన బొమ్మకి చోటు ఉంచడమేమిటో నాకు అర్థం కాదు. నేను మెషీను తెరిచి మళ్లీ పరిశీలనలో పడ్డాను.

అక్టోబరు 2, దసరా

ఈ రోజు వివరంగా రాయాలి, ఎందుకంటే ఒక మంచి పని చేశాను.

దసరా నాడు పాలపిట్టను చూడకుండా నేను ఏ ఏడూ లేను. మా చిన్నప్పుడు పిట్టలవాడు దాన్ని పంజరంలో పెట్టుకుని మా వీధికే తెచ్చేవాడు. దండం పెట్టుకుని, చేతిలో ఏదో పెడితే తలుపు తీసి వదిలేవాడు. పిట్టకి విడుదల, మనకి పుణ్యం. పట్టకూడదని అటవీశాఖ వాళ్లు కట్టడి చేశాక వాడు రావడం మానేశాడు. అప్పటి నుంచి ఊరి బయటకి వెళ్లి చూసి వస్తున్నాను. ఈసారి కట్టు కాలుతో ఎక్కడికి వెళ్లను? వేదాంత్ జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి, కాళ్లకి దండం పెట్టి, స్నేహితుల ఇళ్లకి వెళ్లాడు. తాను చూశానని చెప్పాడు. రంగనాయకి కూడా చూసిందట. ఇంట్లో నేనొక్కణ్ణే చూడలేదు. మనసంతా పాడైపోయింది.

ఊరికే మెషీను తెరిచాను. నా దాంట్లో పిట్టలున్నాయి గాని, ఒకటి గోధుమ రంగు, ఒకటి బాతు. పొరపాటున వేలు పక్క పేరు మీద పడింది. ఒకసారి కాదు, రెండుసార్లు పడింది. వేదాంత్ తన జంతువుల్ని దాచుకునే పెట్టె తెరుచుకుంది. మొదటి గడిలోనే ఉంది. నీలి రెక్కలు, ఎర్రటి ఛాతీ, తల పక్కకి వంచి నన్నే చూస్తోంది. అచ్చం పాలపిట్ట.

చేతులు జోడించాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకు దాచాలి? తర్వాత కింద ఉన్న మాటలు చదివాను. అందులో ఒకటి 'వదిలెయ్' అని అర్థమొచ్చే మాట. ఇంకేం కావాలి? పంజరమూ ఉంది, తలుపూ ఉంది. నొక్కాను. 'నిజంగానా?' అని అడిగింది. పిట్టలవాడు కూడా అలాగే ఒకసారి అడిగేవాడు. అవునని నొక్కాను. మళ్లీ అడిగింది. మళ్లీ అవునన్నాను. పిట్ట ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఎగిరి చిన్నదైపోయింది. గడి ఖాళీ అయింది.

ప్రాణం హాయిగా ఉంది. కాలు ఉన్నవాళ్లకన్నా ఈ ఏడు నాకే ఎక్కువ పుణ్యం దక్కింది.

అక్టోబరు 3

వేదాంత్ వరండాలో ఫోనులో మాన్యతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. కిటికీలోంచి వినబడింది. "లేదు, అదే ఫస్ట్ గడిల ఉంది, నీలిది. నాలుగో తరగతిల దసరా సెలవుల్ల పట్టిన. ఇయ్యాల్టిదాంక ఎవ్వరికి ఇయ్యలే. నీకే."

పొరపాటు ఏమీ జరగలేదు.

అక్టోబరు 4

పుణ్యకార్యాన్ని పొరపాటు అనరు.

అక్టోబరు 5

వదిలేసినవి తిరిగి వస్తాయేమోనని పొద్దున్నుంచి గడ్డిలో తిరిగాను. రాలేదు.

అక్టోబరు 9

కట్టు విప్పేశారు. నడవొచ్చన్నాడు డాక్టరు. ఇంట్లో మాత్రం ఇంకా నొప్పిగా ఉందని చెప్పాను. నడవగలనంటే కూరగాయలకి పంపుతారు, ఇక్కడ పని మధ్యలో ఉంది.

డాక్టరు దగ్గర్నుంచి ఆటోని నేరుగా అఫ్జల్‌గంజ్ పోనిమ్మన్నాను. మా కోర్టులో అటెండరుగా చేసిన డానియేలు కొడుకు ప్రేమ్‌రాజ్‌కి అక్కడ సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. నలభై దాటిన మనిషి, గడ్డం నెరిసింది, గల్లాపెట్టె మీద ఆ ఆటలోని ఎర్ర తోడేలు బొమ్మ. ఇతనూనా అనుకున్నాను. ఒక స్నేహితుడికి జరిగింది అంటూ సంగతి చెప్పాను.

ప్రేమ్‌రాజ్ చేతిలో స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. "రిలీజ్ కొట్టిండా? ఫస్ట్ పట్టినదాన్ని? సార్, ఆ దోస్తు మీకు దగ్గరోడా?"

"దగ్గరవాడే."

"దూరం పెట్టుండ్రి."

అదే పిట్ట ఇంకొకటి దొరుకుతుందా అని అడిగాను.

"పిట్ట దొర్కుతది సార్. పడమటి గుట్టల మీద, వాన పడ్డప్పుడు. మస్తు తిరగాలె. కని గా పిట్ట దొర్కది. ఎవ్వరు పట్టిండ్రో వాళ్ల పేరు దాని మీద ఉంటది, చెరపరాదు."

నేను నమ్మలేదు. కోర్టులో నా చేతుల మీదుగా మారని పేరంటూ లేదు.

అక్టోబరు 14

పడమటి గుట్టలు. వాన లేదు.

అక్టోబరు 20

దీపావళి. బయట టపాకాయల మోత. ఆటలో వాన పడింది. పిట్ట కనిపించింది, తొందరపడి గట్టిగా కొట్టాను, స్పృహ తప్పి పడిపోయింది. పండగ పూట అన్నం సహించలేదు. "కాలు నొస్తుందా?" అని రంగనాయకి వేణ్ణీళ్లు తెచ్చింది. అవునన్నాను. వద్దన్నా నా పాదం ఒళ్లో పెట్టుకుని కాపడం పెట్టింది. సిగ్గేసింది.

నవంబరు 2

దొరికింది. వానలో, గుట్ట అంచున, ఒక రాయి మీద కూర్చుని ఉంది. ఈసారి కొట్టలేదు. ఒక్క దెబ్బ కూడా వేయకుండా బంతులు విసురుతూనే ఉన్నాను. బంతి ఊగింది, ఊగింది, ఊగింది, ఆగిపోయింది. నేను అరిచిన అరుపుకి పక్కింటివాళ్లు వచ్చారు. కాలు బెణికిందని చెప్పాను.

పేరు పెట్టమని అడిగింది. మా గోత్రం, ప్రవర పడతాయేమో చూశాను, పట్టలేదు. చిట్టి అని పెట్టాను. పట్టినవారు: మురళీధర్, అని నా పేరు కింద దానంతట అదే రాసుకుంది. దాన్ని చెరిపి వేదాంత్ పేరు పెట్టడానికి సాయంత్రం దాకా చూశాను. ప్రేమ్‌రాజ్ చెప్పింది నిజం.

నవంబరు 9

ఆటలో ఓడించాల్సిన ఎనిమిదిమంది పెద్దల్లో నలుగుర్ని చిట్టి ఓడించింది. పొద్దున మెషీను తెరవగానే తల వంచి చూస్తుంది. నన్ను గుర్తుపడుతుందని నా అనుమానం. ఇది విచారణకి సంబంధించిన విషయం కాదు గాని, రాసి పెడుతున్నాను.

నవంబరు 14

వేదాంత్ తన పెట్టె తెరిచాడు.

నవంబరు 15

నిన్న రాయలేకపోయాను.

వాడు అరుస్తాడనుకున్నాను. సమాధానాలు కూడా వరసగా సిద్ధం చేసుకున్నాను. అరవలేదు. మెషీను పట్టుకుని వచ్చి నా మంచం చివర కూర్చున్నాడు.

"బాపు, నువ్వేనా?"

దసరా అన్నాను, పాలపిట్ట అన్నాను, పిట్టలవాడు అన్నాను, పుణ్యం అన్నాను. వాడు వింటూనే ఉన్నాడు. చివరికి నాకే నా మాటలు వినబుద్ధి కాలేదు.

"చిన్నపిల్లల ఆటే గదరా" అన్నాను.

"చిన్నపిల్లలదే. ఎంసెట్ల ర్యాంకు రానప్పుడు నువ్వు నెల దినాలు నాతోని మాట్లాడలే. కంపెనీల తీసేసినప్పుడు అమ్మ ఏడ్చింది. సంబంధాలు తప్పిపోయినప్పుడల్ల ఇంట్ల అందరు ఒక్కోతీరుగ మొహం పెట్టిండ్రు. అదొక్కటే బాపు, ఎప్పుడు తెరిచినా ఎట్లుండెనో గట్లనే ఉండె. కొత్త ఆటొస్తే ఊరు మారుతది, మనుషులు మారుతరు, అది మాత్రం నాతోని వస్తుండె. గందుకే కొంటుంటి ప్రతిసారి."

ముప్పై ఏళ్లుగా జనం ఎందుకు కొంటున్నారని విచారణ మొదలుపెట్టింది నేనే. జవాబు మా ఇంట్లోనే ఉంది, నేను అడగలేదు.

వాడే మళ్లీ అడిగాడు. "ఎట్ల పోయింది? నేనెప్పుడు ఆ బటన్ ఒత్తలే. పోయేటప్పుడు ఎట్లుంటదో తెల్వదు నాకు."

"వెనక్కి తిరిగి చూసింది" అన్నాను. "చూసి పోయింది."

వాడు కళ్లు తుడుచుకున్నాడు. నేను వాడి వీపు మీద చెయ్యి వేశాను. ఇలా చెయ్యి వేసి ఎన్నేళ్లయిందో.

తర్వాత చిట్టిని చూపించాను. వాడు వివరాలన్నీ చదివాడు. ఒక్క దెబ్బ కూడా వేయకుండా పట్టానని చెబితే నమ్మలేదు. "గట్ల పట్టుడు మస్తు కష్టం బాపు" అన్నాడు. చాలా రోజులకి వాడి నోటి నుంచి వచ్చిన మెప్పు అది. "ఎల్లుండి మాన్యకు గిదిద్దాం. నా తాన ఇచ్చేటందుకు ఇంకేం లేదు."

సరేనన్నాను. వాడు వెళ్లాక మెషీను తెరిచి చిట్టిని ఇంకోసారి చూసుకున్నాను.

నవంబరు 16

నిశ్చితార్థం అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

లగ్నపత్రిక చదివారు, ఉంగరాలు మార్చుకున్నారు. ఇక ఆ తంతు వచ్చింది. పురోహితుడు వైకుంఠం కోప్పడతాడని నేను లోలోపల ఆశపడ్డాను. ఆయన మెషీను వంక చూసి గొంతు తగ్గించి, "అమ్మాయిది కొత్త భాగమా, పోయినసారిదా?" అని అడిగాడు. ఇంక ఈ దేశంలో నాకు దిక్కెవరు?

వేదాంత్ మాన్యతో జరిగింది చెప్పేశాడు. ఆమె తన దగ్గరున్న అన్నిటికంటే పాత జంతువుని, ఒక నెమలిని, ముందే పంపింది. ఇప్పుడు నా వంతు. చిట్టి నా ఖాతాలో ఉంది కాబట్టి నేనే నొక్కాలి. రెండు వైపులవాళ్లూ చుట్టూ నిలబడ్డారు. చిట్టి తెర మీదకి వచ్చి తల పక్కకి వంచింది.

'నిజంగా ఇచ్చేస్తారా?' అని అడిగింది మెషీను.

లేదని నొక్కాను. వేలు జారిందని చెప్పాను.

మళ్లీ మొదటి నుంచి అన్నీ తెరిచారు. మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ లేదని నొక్కాను. అద్దాలు సరిగా లేవన్నాను. దసరా నాడు ఇదే ప్రశ్నకి ఇదే వేలితో రెండుసార్లు అవునన్నాను, ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"లగ్నం దాటుతది సార్" అన్నాడు వైకుంఠం.

"ఏందండి గిది, మెడికల్ షాపుల బిల్లు సూసినట్ల సూస్తరు, ఒత్తండ్రి" అంది రంగనాయకి.

మాన్య నా కుర్చీ పక్కన కూర్చుంది. "మామయ్యా, మీకు అంత ఇష్టమైతే వద్దులేండి. నేనేమనుకోను."

వేదాంత్ వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వాడికి తెలుసు. పిట్ట పోతే ఎలా ఉంటుందో ఆ గదిలో వాడొక్కడికే తెలుసు. "కష్టమున్నదా బాపు?" అని మెల్లగా అడిగాడు.

వేలు జారిందని అందామనుకున్నాను, అద్దాలని అందామనుకున్నాను. "అవునురా" అన్నాను. "మస్తు కష్టమున్నది."

ఆ తర్వాత నేనే నొక్కాను. చిట్టి వెళ్లిపోయింది. మాన్య మెషీనులో కనిపించింది, కింద నా పేరుతో సహా. ఆమె దాన్ని మా అందరికీ చూపించింది. నేను చేతిరుమాలు వెతుక్కున్నాను. వెతుకుతూ లేచి నా కాళ్ల మీద నేనే గదిలోకి నడిచానట. రంగనాయకి సాయంత్రం నుంచి నా కాలి సంగతి ఎత్తడం లేదు. అదే భయంగా ఉంది.

నవంబరు 17

మాన్యకి ఫోను చేశాను. చిట్టి బాగానే ఉందట.

నవంబరు 18

ఫోను చేశాను. బాగానే ఉందట.

నవంబరు 20

కూరగాయలకి వెళ్లి వచ్చాను. వెళ్లక తప్పలేదు.

వేదాంత్ మెషీను మళ్లీ నా ఒళ్లో పెట్టాడు. కొత్త భాగం వచ్చేదాకా నన్నే ఆడుకోమన్నాడు. ఈసారి తన పేరు కూడా ముట్టొచ్చన్నాడు. "ఒక్క ఫస్ట్ గడిల మాత్రం ఏం పెట్టకు బాపు. ఖాళీగనే ఉండనీయ్."

తెరిచి చూశాను. పెట్టె నిండా జంతువులు కిక్కిరిసి ఉన్నాయి, మొదటి గడి మాత్రం ఖాళీ. రంగనాయకి పై మెట్టు మీద చిలక జాగ గుర్తొచ్చింది.

అది వేరు అని రాయబోయాను. రాయలేకపోయాను.